అత్తమ్మ చెవి, ఆబిడ్స్ పెట్టె

మా అమ్మాయి కోసమని ఆబిడ్స్‌లో ఒక కీబోర్డు కొన్నాం. ఇంటికి తెచ్చి, వైరు తగిలించి, మెట్టు నొక్కితే చప్పుడు లేదు. లైటు వెలుగుతోంది, మెట్లు కిందికి దిగుతున్నాయి, శబ్దం మాత్రం రాదు. పాడైపోయినది అంటగట్టారని నేనూ, దుకాణంలోనే వాయించి చూడకుండా ఎందుకు తెచ్చావని మా ఆయనా కాసేపు వాదించుకున్నాం. తీరా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి నవ్వింది. అది మిడి కీబోర్డట. దానికి సొంత గొంతు ఉండదట. ఏ మెట్టు నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎప్పుడు వదిలాం, ఈ మూడు సంగతులూ కంప్యూటరుకు చెప్పడం వరకే దాని పని. మోగడం కంప్యూటరు వంతు.

నాలుగు నెలలు వాయించి మా పిల్ల పరీక్షల్లో పడిపోయింది. పెట్టె అటకెక్కే సమయం వచ్చింది. అటకెక్కే పెట్టెలంటే నాకు ఒక బాధ ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను. అందుకే ఆపి, నా దగ్గరే పెట్టుకున్నాను. లాప్‌టాప్‌లో చెవికి సాధన ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉంది. ఇలాంటివి చాలానే దొరుకుతాయి. డెన్మార్క్ వాళ్ళ ఇయర్‌మాస్టర్ ఒకటి, ఉచితంగా దొరికే గ్నూ సోల్ఫేజ్ ఒకటి. అన్నిటి పద్ధతీ ఇంచుమించు ఒకటే. అది ఒక స్వరం వినిపిస్తుంది, అదేదో చెవితో పట్టుకుని మనం మెట్టు నొక్కాలి. ఒప్పయితే ఆకుపచ్చ, తప్పయితే ఎరుపు.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో నాకెందుకు ఈ ఆట అంటారా? ఎనిమిదో తరగతిలో పాటల పోటీకి పిల్లల్ని ఎంచుతున్నప్పుడు, అందరి ముందూ "ఈ అమ్మాయికి శ్రుతి లేదు, వెనక్కి వెళ్ళి కూర్చో" అన్నారు. ఆ తర్వాత నేను ఎక్కడా గొంతు విప్పలేదు. పెళ్ళి చూపుల్లో పాడమంటే రాదన్నాను. పిల్లకు జోల కూడా సణుగుడే. నాకు నిజంగా శ్రుతి లేదా అన్న సందేహం మాత్రం పోలేదు. మనుషుల్ని అడగాలంటే సిగ్గు. యంత్రాన్ని అడగడానికి సిగ్గేముంది?

మొదటి వారం ఇరవై ప్రశ్నలకు తొమ్మిది ఒప్పులు. రెండో వారం పదకొండు. విని గుర్తుపట్టడం మెల్లగా వస్తోంది గానీ, పాడి చూపించమన్నప్పుడు మాత్రం బడిలో జరిగిందే మళ్ళీ జరిగింది. కింద అందుకుంటే గొంతు అడుగంటుతుంది, పైన అందుకుంటే చీలిపోతుంది. అప్పుడు అమ్మాయి ఒక చిన్న మాట అంది. "అమ్మా, అది సి నుంచి మొదలుపెడుతోంది. నీ గొంతు సి కాదేమో, మార్చుకో."

ఒక్కొక్క మెట్టే మారుస్తూ పోయాను. నల్లమెట్టు ఒకటి దగ్గర ఆగాను. అక్కడ సా పెట్టుకుంటే కింద పంచమం అందుతోంది, పైన గాంధారం దాకా హాయిగా వెళ్తోంది. అది అయిదున్నర శ్రుతి.

ఈ "అయిదున్నర" అన్న లెక్క ఎక్కడిదో మీకు తెలుసా? కచేరీల గురించి మాట్లాడేవాళ్ళు "ఆయన ఒకటో శ్రుతి, ఆవిడ అయిదు" అంటుంటారు కదా. అదేదో శాస్త్రంలోని మాట అనుకునేదాన్ని. కాదు. అది హార్మోనియం మెట్ల లెక్క. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు. వాటి మధ్య నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర అనే శ్రుతే లేదు. ఏడున్నర కూడా లేదు. త్యాగయ్య కాలం నాటికి ఈ దేశంలో లేని ఒక ఫ్రెంచి పెట్టె మెట్లను బట్టి మనం త్యాగయ్య కీర్తన ఏ ఎత్తులో పాడాలో చెప్పుకుంటున్నాం.

మగవాళ్ళ గొంతు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల దగ్గర నిలుస్తుంది. ఆడవాళ్ళది అయిదు, ఆరు దగ్గర. మా బడిలో పెట్టె ఎప్పుడూ ఒకటో శ్రుతిలోనే మోగేది, ఎందుకంటే నేర్పేవారి గొంతు అది. ముప్పై అయిదేళ్ళ తర్వాత అర్థమైంది నాకు. లేనిది శ్రుతి కాదు, నా శ్రుతి ఏదని అడిగినవాళ్ళు.

ఈ సాఫ్ట్‌వేర్ చేసే మంచి పని ఒకటుంది. ప్రశ్న అడిగే ముందు సా ఎక్కడుందో చెవికి ఎక్కేలా నాలుగు స్వరాలు వాయిస్తుంది. తర్వాతే ఏదో ఒక స్వరం వేసి, ఇదేమిటి అంటుంది. అంటే ఆ స్వరం అసలు పేరు అక్కర్లేదు, సాకు అది ఏమవుతుందో చెప్తే చాలు. చుట్టరికం చెప్పినట్టు. మనకిది కొత్త కాదు. యూరపులో మాత్రం ఈ పద్ధతిని బడిపిల్లల దాకా తెచ్చింది ఒక స్త్రీ. ఇంగ్లండులోని నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే చర్చి ఫాదర్ గారి కూతురు, 1786లో పుట్టింది. సండే స్కూలు పిల్లలకు గీతల మీద చుక్కల సంగీతం ఎక్కడం లేదని, స్వరాల పేర్లను ఒక నిచ్చెనలా గోడకు తగిలించి, పుల్లతో చూపిస్తూ పాడించింది. నిచ్చెనలో 'డో' ఎక్కడైనా ఉండొచ్చు, పిల్లల గొంతును బట్టి. 1835లో పుస్తకం రాసింది. తర్వాత జాన్ కర్వెన్ అనే ఆయన దాన్ని తీసుకుని, మార్చి, టానిక్ సోల్-ఫా అని దేశదేశాలకూ పంచాడు. పేరు ఎక్కువగా ఆయనకు వచ్చింది. ఇంట్లో వంట ఒకరిది, వడ్డించేవాళ్ళకు మెప్పు, మనకు తెలియనిదా?

సరే, అసలు కథకు వస్తాను. ఒకరోజు సాయంత్రం హాల్లో కూర్చుని ప్రశ్నలకు జవాబులు నొక్కుతున్నాను. ఒకటి తప్పింది. వంటింట్లోంచి మా అత్తమ్మ గొంతు.

"అది గ కదా బిడ్డా, ని అంటవేంది?"

ఇంకోటి వేశాను. "ద." ఇంకోటి. "మ." చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తెర వైపు చూడకుండా, ఇరవైకి ఇరవై చెప్పారు. డెబ్భై తొమ్మిదేళ్ళు ఆమెకు. పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమెకు సంగీతం వచ్చని నాకు తెలియదు. ఎందుకు చెప్పలేదంటే, "ఎవరన్న అడిగిండ్రా?" అన్నారు.

చిన్నప్పుడు వాళ్ళది నాంపల్లిలోనే ఒక గల్లీ. వాళ్ళ నాన్న ఒక పాత హార్మోనియం కొనిపెట్టారట. భజన నేర్పే పెద్దాయన వారానికి రెండు రోజులు వచ్చేవాడట. ముందు పెట్టె ముట్టనిచ్చేవాడు కాదట. ఆడపిల్లలంతా గోడ వైపు తిరిగి కూర్చోవాలి, ఆయన మెట్టు నొక్కుతాడు, వీళ్ళు స్వరం చెప్పాలి. చెప్పినవాళ్ళకే పెట్టె. అచ్చంగా నా సాఫ్ట్‌వేర్ ఆటే. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం లేవు.

ఆ పెట్టె పెళ్ళయ్యాక మెట్టినింటికి వచ్చింది. కొన్నాళ్ళు శనివారం భజనల్లో మోగింది. పిల్లలు పుట్టాక అటకెక్కింది. 2003లో మేము ఈ ఫ్లాటుకు మారినప్పుడు దాన్ని దించి చూసిందీ నేనే, తిత్తిని ఎలుకలు కొరికాయని పాత సామాన్లవాడికి ఇచ్చేసిందీ నేనే. ఇత్తడి బిందెలతో కలిపి తూకం వేయించాను. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి నుంచి హార్మోనియం గురించి కనిపించిందల్లా చదవడం మొదలుపెట్టాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో కూడా వెతికాను.

1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ అనే వాద్యాల తయారీదారు పేటెంటు తీసుకున్న వస్తువు ఇది. కాళ్ళతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని రెండు చేతులతో వాయించేది. చర్చి ఆర్గాన్ కొనలేని చిన్న చర్చిల కోసం. మిషనరీల వెంట మన దేశానికి వచ్చింది. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళ భాగం తీసేసి, తిత్తిని వెనక్కి తెచ్చి, నేల మీద కూర్చుని వాయించే పెట్టెగా మార్చాడు. ఎడమ చేయి తిత్తికి, కుడి చేయి పాటకు. రెండు చేతులతో రెండు రకాల స్వరాలు వాయించడం మన పాటకు అక్కర్లేదు కాబట్టి ఒక చేయి ఖాళీ, దాన్ని గాలికి పెట్టాడు. ఇంత తెలివైన మార్పు ఇంకోటి చూడలేదు నేను.

తెలుగువాళ్ళు దాన్ని నాటకానికి వాడుకున్నారు. పద్యం చివర రాగం తీస్తుంటే పక్కనే పెట్టె కూడా సాగితేనే జనానికి తృప్తి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాలు దాన్ని ఊరూరా మోసుకుపోయాయి. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో ఆ కుటుంబాల స్త్రీలు తామే స్త్రీపాత్రలు వేశారు, తామే పద్యాలు పాడారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి నాటకాలు చూసినవాళ్ళు మీలో ఉంటారు. మాయాబజార్‌లో గాల్లో ఎగిరే వాటిని చూశాం గానీ, పక్కన హార్మోనియం వాయించేవారిని ఎంతమందిమి చూశాం? అక్కడికి దగ్గర్లోనే యూసుఫైన్ దర్గా. అక్కడ ఖవ్వాలీకి కూడా ఇదే పెట్టె. నాటకం, భజన, ఖవ్వాలీ, మతం అడగకుండా అందరి ఇంటికీ వెళ్ళింది.

ఒక్క చోటికి మాత్రం రానివ్వలేదు. అత్తమ్మ చెప్పిన సంగతితోనే అది నాకు తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నను అడిగారట, "రేడియోల కచేరీలు ఇన్ని వస్తయి గద, మన పెట్టె ఎందుకు మోగదు నాయినా?" అని. ఆయనకు తెలియదు. అత్తమ్మకు జవాబు దొరకడానికి ఇన్నేళ్ళు పట్టింది.

హైదరాబాదు రేడియో పుట్టిందే ఆబిడ్స్‌లో. 1930ల మొదట్లో చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి 200 వాట్ల చిన్న కేంద్రం పెట్టాడు. ఇప్పుడు ఆ గల్లీలో నడవడానికి చోటు లేదు గానీ, దక్కన్ రేడియోకు అదే పురిటిల్లు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికే ఆలిండియా రేడియోలో పదేళ్ళుగా ఒక నిషేధం నడుస్తోంది. 1940 మార్చి 1 నుంచి దాని స్టూడియోల్లో హార్మోనియం వాయించకూడదు. మన అత్తమ్మ పెట్టె ముందు కూర్చుని సరళీ స్వరాలు వాయిస్తున్న రోజుల్లో, ఆ పెట్టె రేడియో గడప తొక్కకూడని వస్తువు. 1971లో గానీ ఆ నియమం సడలలేదు. అదీ కొంతే, మొదట పక్కవాద్యంగా మాత్రమే.

ఎందుకంత కోపం? దేశభక్తి అన్నవాళ్ళున్నారు, అది విదేశీ వస్తువని. శాంతినికేతన్‌లో వద్దన్న టాగూర్ ఉన్నారు. కానీ రేడియోలో దానికి ఎసరు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఒక ఇంగ్లీషువాడే. జాన్ ఫౌల్డ్స్ అనే స్వరకర్త, 1937 నుంచి ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసేవాడు. 1938లో రేడియో వాళ్ళ పత్రికలో హార్మోనియం మీద ఒక వ్యాసం రాశాడు. శీర్షికలోనే ఇంగ్లీషులో 'హాని' అన్న మాట ఇమిడేలా పేరు విరిచాడు. ఈ పెట్టె భారతీయుల చెవులను పాడుచేస్తోందని ఆయన బాధ. విదేశీయుడికి మన చెవుల మీద ఇంత బెంగ ఎక్కడిదని చూస్తే, ఆయన భార్య కనిపించింది. మాడ్ మెకార్తీ, ఐర్లండులో పుట్టిన వయొలిన్ విద్వాంసురాలు. 1900ల మొదటి దశకంలో అనీ బెసెంట్‌తో పాటు మన దేశం వచ్చి, ఇక్కడి పాట నేర్చుకుంది. లండన్‌లో ఉపన్యాసాలిస్తూ, ఇంగ్లీషువాళ్ళ చెవికి అందని మన సూక్ష్మ శ్రుతులను గొంతుతో పాడి చూపించేది. భర్త చెవి తెరిచింది ఆవిడే. హార్మోనియం మీద నిషేధం గురించి రాసేవాళ్ళు ఫౌల్డ్స్ పేరు రాస్తారు, ఈవిడ పేరు పాదసూచికల్లో వెతుక్కోవాలి.

వాళ్ళ అభ్యంతరం మనలాంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్తాను. సా నుంచి పై సా దాకా ఉన్న దూరాన్ని మైసూర్‌పాక్ పళ్ళెం అనుకోండి. పియానో, హార్మోనియం, మన మిడి కీబోర్డు, ఇవన్నీ దాన్ని పన్నెండు సమానమైన ముక్కలు కోస్తాయి. ముక్కలు సమానంగా ఉంటే ఏ ముక్కనైనా సా అనుకుని మొదలుపెట్టొచ్చు, అదే అందులో సుఖం. కానీ గొంతు అలా సమానంగా కోయదు. తంబూరా పక్కన పెట్టుకుని అంతర గాంధారం పాడితే గొంతు తనకు తానే ఒక చోట ఆగుతుంది. పన్నెండు ముక్కల లెక్కలో ఒక్కో ముక్క 100 సెంట్లు. గాంధారం నాలుగో ముక్క చివర, అంటే 400 దగ్గర ఉంటుంది. గొంతు ఆగే చోటు 386. తేడా 14 సెంట్లు, ఒక మెట్టులో ఏడో వంతు. పంచమం దగ్గర ఈ తేడా రెండు సెంట్లే కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. గాంధారం దగ్గరే దొరికిపోతుంది. ఇక మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడం, ఊగడం, అంటే గమకాలు, పెట్టె అసలు చేయలేదు. మెట్టు నొక్కితే నిలువునా ఒకే స్వరం.

ఇదంతా చదివాక అత్తమ్మను పరీక్షించాలనిపించింది. ఏమీ చెప్పకుండా ఫోనులో తంబూరా పెట్టి, అయిదున్నరలో సా కలిపి, కీబోర్డు మీద పంచమం నొక్కాను. తల ఊపారు. గాంధారం నొక్కాను. మొహం చిట్లించారు.

"గ నే గానీ, జర మీదికెక్కింది."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. లెక్కలు చెప్పిన 14 సెంట్లు ఆమె కనుబొమల మధ్య కనిపించాయి. మరి మీ హార్మోనియంలోనూ ఇంతే కదా అన్నాను.

"మా పెట్టెల గూడ గిట్లనే ఉంటుండె. పాడేటప్పుడు మేమే సర్దుకుంటుంటిమి. పెట్టె దారి చూపిస్తది, నడిచేది మనం గద."

నిషేధం పెట్టినవాళ్ళకు ఈ సంగతి తట్టిందో లేదో. పెట్టె చెవిని పాడుచేస్తుందన్నారు, గోడ వైపు తిరిగి కూర్చుని ఆ పెట్టెతోనే చెవి సానపెట్టుకున్న ఆడపిల్లలు నాంపల్లి గల్లీల్లో ఉన్నారని వాళ్ళకు ఎవరు చెప్తారు? ఫౌల్డ్స్ చెప్పిన భౌతిక శాస్త్రం ఒప్పే, అత్తమ్మ చెవే సాక్ష్యం. నిషేధం మాత్రం తప్పనే నా అభిప్రాయం. సంగీతం గురువు దగ్గరికి పంపని ఇళ్ళలో, తంబూరా కొనలేని ఇళ్ళలో, ఆడపిల్లకు అందిన వాద్యం అదొక్కటే.

తంబూరాలో ఇంకో వింత ఉంది. సా తీగె మీటి చెవి దగ్గర పెట్టుకుంటే, మీటని గాంధారం సన్నగా వినిపిస్తుంది. ఎవరూ వాయించలేదు, తీగెలోంచే పుడుతుంది. గొంతు ఆగే ఆ 386 దీన్ని పట్టుకునే ఆగుతుంది. ఇలా తమంత తాము పుట్టే స్వరాలకు 'స్వయంభూ స్వరాలు' అని పేరు పెట్టి, వీణ మెట్లు ఎక్కడ బిగించాలో వాటి ఆధారంగా చెప్పినవాడు రామామాత్యుడు. కొండవీటి సీమను ఏలిన మంత్రి. విజయనగరంలో అళియ రామరాయల కోరిక మీద 1550లో 'స్వరమేళకళానిధి' రాశాడు. మెట్టు అన్న మాట చూడండి, వీణకూ మెట్లే, హార్మోనియానికీ మెట్లే. వీణలో మెట్టు మీద తీగెను పక్కకు లాగి స్వరాన్ని ఎక్కించుకోవచ్చు, పెట్టెలో కుదరదు. నాలుగు వందల డెబ్భై ఏళ్ళ నాడు మెట్టు ఎక్కడ ఉండాలా అని ఆలోచించినవాడు, ఎలుకలు కొరికిన మా పెట్టెను చూస్తే ఏమనేవాడో.

మిడి కథ కూడా కొంచెం చెప్పాలి. 1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు భాష ఇంకో కంపెనీ కీబోర్డుకు అర్థమయ్యేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి అందరికీ ఒకే భాష ఉండాలని పట్టుబట్టారు. కకెహాషి యుద్ధం తర్వాత గడియారాలు బాగుచేసి బతికినవాడు, రోలాండ్ కంపెనీ పెట్టింది ఆయనే. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో, రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక వైరుతో కలిపి, ఒకటి వాయిస్తే రెండోది మోగేలా చేసి చూపించారు. ముప్పై ఏళ్ళకు, 2013లో, ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ భాషలో స్వరాలకు పేర్లు లేవు, 0 నుంచి 127 దాకా అంకెలే. పియానో మధ్యలో ఉండే సి, మన ఒకటో శ్రుతి సా, దాని అంకె 60. నా అయిదున్నర సా 56. అక్కడి నుంచి నాలుగు మెట్లు ఎక్కితే అంతర గాంధారం, అంటే 60. నన్ను వెనక్కి పంపిన బడిలో సా అయిన మెట్టే ఇప్పుడు నాకు గ.

అంకెల మధ్య ఖాళీ కూడా ఆ భాష వదిలేయలేదు. స్వరాన్ని ఎక్కించి దించే సదుపాయం ఒకటి పెట్టారు, పిచ్ బెండ్ అంటారు. మామూలుగా అది రెండు మెట్ల దూరం పైకీ, రెండు మెట్ల దూరం కిందికీ జరుగుతుంది. కిందికి జరిగే ఆ దూరంలోనే 8192 అంచెలు. దాని కోసం కీబోర్డుకు ఎడమ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. మద్రాసులో కీబోర్డు సత్యనారాయణ్ గారి వంటివాళ్ళు దాన్ని తిప్పుతూనే గమకాలు పలికిస్తారు. మా అమ్మాయి నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ చక్రం ముట్టలేదు. నాకూ అదెందుకో తెలియదు.

మొన్న ఆదివారం అత్తమ్మను కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. నేల మీదే కావాలన్నారు, పీట మీద పెట్టాం. కుడి చేయి మెట్ల మీద పెట్టారు. అరవై ఏళ్ళ కిందటి వేళ్ళు సరళీ స్వరాలు పట్టుకున్నాయి. ఎడమ చేయి మాత్రం ఊరుకోలేదు. పెట్టె వెనకాల లేని తిత్తి కోసం గాల్లో ముందుకూ వెనక్కూ ఊగుతోంది. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు నీళ్ళు తాగి వచ్చాను.

వచ్చేసరికి ఆ చేయి ఆగి ఉంది.

"ఈ చక్రమేంది?" అన్నారు.

చెప్పాను. తంబూరా మోగుతూనే ఉంది. గాంధారం నొక్కి పట్టుకున్నారు, మొహం చిట్లించారు. ఎడమ చేతి బొటనవేలితో చక్రాన్ని కిందికి, వెంట్రుకవాసి జరిపారు. ఇంకాస్త. ఎక్కువైంది, వెనక్కి. ఆగారు. తంబూరాలో ఎవరూ మీటని గాంధారమూ, పెట్టెలో ఆమె నొక్కిన గాంధారమూ ఒకటయ్యాయి, గదిలో ఏదో అణిగినట్టు అనిపించింది. కంప్యూటరు తెర మీద చూస్తే చక్రం అంకె సున్నాకు 560 కింద ఉంది. సరిగ్గా 14 సెంట్లకు లెక్క కట్టి చూశాను, 573 రావాలి.

"పెట్టె గురించి ఆ రోజు మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది అత్తమ్మా," అన్నాను.

ఆమె చక్రం మీంచి వేలు తీయలేదు. "ఇప్పుడు సా వడుతున్న. నువ్వు గ అందుకో, మీదికెక్కకు," అన్నారు.